వెయ్యి అయ్యేదాక

మొన్న ఆదివారం మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఒక సందేహం వెలిబుచ్చింది. "ఇన్నిసార్లు తిరుగు అని చెప్పే లూప్ ఒకటి ఉండగా, ఎప్పటిదాకో తెలియని వైల్ లూప్ మళ్లీ ఎందుకు నాన్నా?" లెక్క ముందే తెలిస్తే మొదటిది, లెక్క తెలియక ఏదో ఒక షరతు తీరేదాకా తిరగాల్సివస్తే రెండోది అని చెప్పాను. తల ఊపి తన పనిలో పడింది. నాకు మాత్రం మా వదిన గుర్తొచ్చింది. వైల్ లూప్ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆమే. ఆమెకు నేర్పడానికి జీతం తీసుకున్నది మాత్రం నేను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను డిగ్రీ ముగించి, కోరుట్లలో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో జావాస్క్రిప్ట్ చెబుతున్నాను. ముందురోజు చదువుకున్నది మర్నాడు పదేళ్ల అనుభవం ఉన్నవాడిలా చెప్పడం నా పద్ధతి. బందులు, రాస్తారోకోలు పోగా మిగిలిన రోజుల్లో, కరెంటు ఉన్న పూట క్లాసు జరిగేది. వైల్ లూప్ పాఠం రోజున కిటికీలోంచి ఎదురుగా ఉన్న దీక్షా శిబిరం చూపించి, "రాష్ట్రం రానంతసేపు కూసుంటరు. గదే వైల్ లూప్" అన్నాను. అందరికీ అర్థమైంది. వెనక బెంచీ వాడొకడు, "మరి రాకుంటే సిస్టం హ్యాంగైతదా సార్?" అని అడిగాడు. దానికి నా దగ్గరే కాదు, ఢిల్లీ దగ్గర కూడా అప్పటికి జవాబు లేదు.

ఆ క్లాసులో మా వదిన కూడా ఉండేది. అన్న మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో అమ్మా వదినా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవారు. కార్ఖానా వాళ్లు తునికాకు, తంబాకు తూచి ఇస్తారు, సాయంత్రానికి వెయ్యి బీడీలు అప్పజెప్పాలి. జగిత్యాలలో ఒక స్కూలువాళ్లు వదినకు ఆపరేటర్ ఉద్యోగం ఇస్తామన్నారు, నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపిస్తేనే. పరీక్ష అప్పటికి మూడుసార్లు వాయిదా పడింది, మూడుసార్లూ బందే. "గీసారి తప్పితే మళ్ల చాటనే," అంది వదిన, మామూలుగా. ఆమె మామూలుగా మాట్లాడిందంటే భయపడుతోందని లెక్క.

ఎవరింటి పని మీద వాళ్లు ఒక లూప్ రాసుకు రమ్మన్నాను. వదిన బీడీల మీద రాసింది. మొదట ఆకులు తొమ్మిది వందల అరవై, బీడీలు వెయ్యి కానంతసేపు చుట్టాలి, బీడీ చుట్టిన ప్రతిసారీ ఒక ఆకు తగ్గాలి. నడిపిస్తే బీడీలు వెయ్యి, ఆకులు మైనస్ నలభై అని వచ్చింది.

"మైనస్ నలభై ఆకులేంది వదినా? గాలిని చుట్టినవా?" అన్నాను. క్లాసంతా నవ్వింది.

"వెయ్యి కాలేదు గద సారూ." ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి, క్లాసులో ఆ 'సారూ'ను కొంచెం సాగదీసేది.

"ఆకు అయిపోతే ఆగాలె."

"ఆగుతమా?" అని నా మొహంలోకి ఒకసారి చూసి, నేను చెప్పినట్టే మార్చింది. తొమ్మిది వందల అరవై దగ్గర ప్రోగ్రాం బుద్ధిగా ఆగిపోయింది. నేను సంతోషించాను.

ఎట్టకేలకు బందు లేని ఒక రోజు పరీక్ష జరిగింది. ఎగ్జామినర్‌ది కోస్తా. ఆయన వచ్చిన జీపు అద్దం మీద 'జై తెలంగాణ' స్టిక్కర్ జీపు కంటే కొంచెమే చిన్నది. ఇంటి పని మీద లూప్ రాయమని ఆయనా అదే అడిగాడు. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. వదిన నేను దిద్దించింది కాకుండా తన మొదటిదే టైపు చేసింది. కళ్లతో సైగ చేశాను. నావైపు చూడలేదు.

తెరమీద మైనస్ నలభై చూసి ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఆకు లేకుండా బీడీ ఎలా చుడతావమ్మా?"

"వాళ్లిచ్చే ఆకులల్ల చినిగినయి, బొక్కలు వడ్డయి ఉంటయి సార్. ఎన్నడు వెయ్యికి సరిపోదు. తక్కువవడ్డది మేమే అంగట్ల కొనుక్కచ్చి చుడుతం. వెయ్యి కాకుంటే వాళ్లు తీస్కోరు."

ఆయన వేలితో కంప్యూటర్‌ను చూపించాడు. "నువ్వు కొంటావని దానికి తెలియదుగా. అది కూడా చెప్పు," అన్నాడు.

వదిన లూపు లోపల ఒక వరస చేర్చింది: ఆకు సున్నా అయితే, కొని తెచ్చిన ఆకు కలుపు. మళ్లీ నడిపింది. వెయ్యి దగ్గర ఆగింది, ఆకులు కొన్ని మిగిలాయి కూడా. ఆయన సంతకం పెట్టి, కరెంటు పోకముందే తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇంటికి నడుస్తూ, ఎన్నేండ్ల సంది ఆకు కొంటున్నరని అడిగాను. "నేనచ్చినకాడి నుంచి. అంతకుముందు అత్త ఒక్కతే కొన్నది. నువ్వు డిగ్రీ చదివినన్ని దినాలు," అంది వదిన. "గా ఇంట్లనే కూసోని చదివితివి. నీకెరుక లేదా?"

లేదు. పరీక్షలకు చదువుకుంటున్నప్పుడు అమ్మ మధ్యలో లేచి బజారుకు పోయి రావడం చూశాను, ఎందుకని అడగలేదు. వదిన నెలాఖరుకు జగిత్యాల ఉద్యోగంలో చేరింది. ఆ ఇంట్లో నా చదువుకాలం దానంతటదే గడిచిందని అన్నేళ్లూ అనుకున్నాను. దాన్ని రోజుకు వెయ్యి బీడీల చొప్పున అమ్మ గడిపింది.