ఎరోస్ ఏకిన పెళ్లిపరుపు

1984వ సంవత్సరం. నరసరావుపేటలో మా పరుపుల షాపు నాన్న చేతి నుంచి నా చేతికొచ్చి కొంతకాలమైంది. ఆడమనిషి కొట్టులో కూర్చుంటే బేరం ఏం సాగుతుందని మూతి విరిచినవాళ్లు చాలామందే ఉన్నారు. తర్వాత వాళ్ల పిల్లల పెళ్లిళ్లకు పరుపులు కుట్టిందీ నేనే. మా ఆయన జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. జిన్నింగ్ అంటే పత్తిలోంచి గింజ తీసేయడం. అలా తీసిన దూదిని లింట్ అంటారు. అది బేళ్లలో నొక్కుకుపోయి అట్టలా వస్తుంది. విల్లుతో ఏకితేనే మళ్లీ పొంగుతుంది.

మేము దూదేకులవాళ్లం. విల్లు తరతరాలుగా మా ఇంట్లోదే. కానీ నాన్న పోయాక దాన్ని పట్టే చెయ్యి లేకుండా పోయింది. అప్పటికే గుంటూరులో కార్డింగ్ మిషన్లు వచ్చాయి. కరెంటు మీద తిరుగుతూ దూదిని చీల్చి పారేసే యంత్రం అది. మిషన్ దూది తొందరగా గడ్డకడుతుందని నా నమ్మకం. మనిషి కోసం నేను వెతుకుతున్న రోజుల్లో ఎరోస్ వచ్చాడు.

నడివయసు మనిషి. ఉంగరాల జుట్టు, తేనె రంగు కళ్లు, వెలిసిన లుంగీ, బనియను. పేరు అదేమిటని అడిగితే మా వైపు పేరక్కా అన్నాడు. ఏ ఊరంటే, సాగర్ డ్యామ్ నీళ్ల కింద మునిగిపోయింది అన్నాడు. అలా మునిగిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు మాచర్లలో చాలామంది ఉన్నారు కనుక నేను ఇంకేమీ అడగలేదు. నాన్న విల్లు దించి ఇచ్చాను. నారిని వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, కాస్త బిగించాడు, కొయ్యతో కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి దూది మోకాళ్ల దాకా లేచింది. నాన్న తర్వాత అంత బాగా ఏకిన మనిషిని చూడలేదు, మళ్లీ చూస్తానన్న ఆశ కూడా లేదు.

ఎండాకాలంలో ఒకరోజు పంపు దగ్గర స్నానం చేస్తుంటే వీపు కనబడింది. రెండు భుజాల వెనక రెండు మొండి బుడిపెలు, వాటి మీద అక్కడక్కడా తెల్లటి ఈకలు. అంటురోగమేమో, గిరాకీకి తెలిస్తే షాపు మూసుకోవాల్సిందేనని భయమేసి నిలదీశాను.

"రోగం గాదక్కా, రెక్కలు. చానా వరకు రాలిపోయినయ్. నేను గ్రీకుల దేవుణ్ణి. ప్రేమ నా శాఖ."

"దేవుడివైతే నా కొట్లో దూది ఏకేదేంది?"

"కృష్ణ మీద యవనుల పడవలొచ్చేయి గదా, ఆటిల్లో వచ్చా. లోయ బాగుందని ఉండిపోయా. డ్యామ్ కట్టినప్పుడు జనంతో పాటు నన్నూ లేపారు. విల్లు తప్ప నాకింకోటి చేతగాదు, నన్నేం చెయ్యమంటావ్?"

మన మన్మథుడిలాగానా అని అడిగాను. ఆయన అదృష్టవంతుడు, ఆయన్ని కాల్చి బూడిద చేశారు, నన్ను ఎవరూ కాల్చలేదు అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకుని ముఖం చూశాను. నవ్వడం లేదు.

నమ్మావా అని నన్ను చాలామంది అడిగారు. పనిలో పెట్టుకున్న మనిషిది కులమేమిటి, దేవుడా మనిషా అని ఆరా తీసే అలవాటు నాకు లేదు. దూది పొంగుతుందా లేదా, అంతే. కానీ తర్వాత కళ్లారా చూశాక నమ్మక తప్పలేదు.

అతని దగ్గర గుడ్డలో చుట్టిన రెండు దబ్బనాలుండేవి. దబ్బనం అంటే పరుపు కుట్టే పెద్ద సూది. తన బాణాలు కరిగించి వాటిని చేయించుకున్నాడు. ఒకటి బంగారపుది, గుచ్చుకుంటే ఎదురుగా ఉన్నవాళ్ల మీద ఇష్టం పుడుతుంది. ఇంకొకటి సీసపుది, గుచ్చుకుంటే ఉన్న ఇష్టం పోతుంది. పరుపులకు ఇనుప దబ్బనమే వాడేవాడు. ఒకరోజు మా పక్క కొట్టు టైలరూ అతని భార్యా దిండ్ల కోసం వచ్చి, ఎప్పటిలాగే కీచులాడుకుంటూ, దబ్బనాలు చుట్టిన గుడ్డను దిండు గుడ్డనుకుని చెరోవైపు లాగితే, అందులోని బంగారు దబ్బనం ఇద్దరికీ గీసుకుపోయింది. ఆ సాయంత్రం నుంచి ఆ టైలరు, పెళ్లాం అన్నం తిందో లేదో కనుక్కోనిదే మిషను తొక్కేవాడు కాదు. బజారు బజారంతా ముక్కున వేలేసుకుంది. మాట పాకింది.

ఇక ఆడపిల్లల తల్లులు రావడం మొదలైంది. నాకు గిరాకీ పెరిగింది, అబద్ధం చెప్పను, సంతోషించాను. ఎరోస్ మాత్రం ఎవరికీ దబ్బనం బయటికి తీయలేదు. ఒక్క పెళ్లికొడుకూ రాడేందక్కా అని అడిగేవాడు. ఎందుకొస్తాడు? మా వైపు మంచం, పరుపు, బీరువా ఆడపిల్ల వాళ్లే సారెలో పెడతారు. పరుపు పని ఆడపెళ్లివారి పని. పెళ్లికొడుకు కాలు నా కొట్టు గడప మీద పడిన గుర్తు లేదు.

అప్పుడు వచ్చింది కోటేశ్వరి. రాజుపాలెం దగ్గర పల్లె వాళ్లది. నాన్నకు లారీ ఉంది, ఇంట్లో తిండికీ గుడ్డకూ లోటు లేదు. మాచర్లలో రాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ వాళ్ల అబ్బాయితో పెళ్లి కుదిరింది. పరుపు పైన వేసే మందపాటి చారల గుడ్డను టిక్కింగ్ అంటాం. ఆ పిల్ల టిక్కింగ్ థాన్లను ఊరికే చేత్తో తడుముతూ నిలబడింది. తల్లి అంజమ్మ నేరుగా ఎరోస్ దగ్గరికి వెళ్లింది.

"ఏమయ్యా, దీనికి ఆ పిల్లోడి మీద మనసు పడటం లేదంట. నీ కాడేదో దబ్బనం ఉందంట గదా."

"నీ మనసులో ఇంకెవరన్నా ఉన్నారా?" అని పిల్లను అడిగాను.

"లేరక్కా. ఎవురి మీదా లేదు, ఈయన మీదా లేదు. ఎట్టాగూ పోవాల్సిందే గదా. ఇష్టమంటూ పుడితే బతుకు కాస్త తేలికయిద్ది."

ఎరోస్ విల్లు పక్కన పెట్టాడు. "పెళ్లికొడుకుని తీసుకురాండి. ఇద్దరికీ ఒకేసారి గుచ్చుతా. ఒక్కళ్లకు గుచ్చేది మాత్రం మంచిది గాదు."

పరుపుల కొట్టుకు పెళ్లికొడుకు వస్తాడా, నలుగురూ నవ్వరా అని అంజమ్మ బుగ్గలు నొక్కుకుంది. అయినా ఆశ చావక మధ్యవర్తి చేత కబురు పెట్టింది. మాచర్ల నుంచి జవాబు వెంటనే వచ్చింది. మంచమూ పరుపూ మీ పని, మావోడు తాళి కట్టేదానికి వస్తాడు గాని దూది ఏకేదానికి రాడు అని. తల్లీకూతుళ్లు ఈసారి పెళ్లికొడుకు ఫోటో పట్టుకుని వచ్చారు.

ఎరోస్ వద్దన్నాడు. నేనూ వద్దన్నాను. కోటేశ్వరి చెయ్యి చాపింది.

"ఆ ఇంటికి పొయ్యేది నువ్వు గాదుగా అయ్యా. అక్కా గాదు. నేను పోవాల. ఒట్టి చేతుల్తో పొమ్మంటారేంది?"

ఎరోస్ గుడ్డ మూట విప్పాడు. బంగారు దబ్బనం తీసి ఆమె వేలి కొసన గుచ్చాడు. ఆమె ఫోటో వైపు చూసింది. చాలాసేపు చూసి, "ఈయనకు కనుబొమ్మ మీద చిన్న గాటుందక్కా. ఇన్నాళ్లూ చూళ్లేదు" అంది. ఆ గొంతులో అంతకుముందు లేనిదేదో ఉంది. అంజమ్మ దండం పెట్టి, కళ్లు తుడుచుకుని, మంచి టిక్కింగ్ ఎంచి వెళ్లింది. ఎరోస్ ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

పరుపును మళ్లీ ఏకించడానికి ఎవరైనా కొన్నేళ్లు ఆగుతారు. కోటేశ్వరి పరుపు ఏడాది దాటీ దాటకముందే రిక్షాలో వచ్చింది. తల్లీకూతుళ్లిద్దరూ వెనకాలే నడిచి వచ్చారు. కుట్లు విప్పి చూశాను. ఎడమ వైపు దూది అణిగి, గట్టిపడి అప్పడమైంది. కుడి వైపు మేము కుట్టి పంపినరోజు ఎలా ఉందో అలాగే, పొంగు చెడకుండా ఉంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు పరుపు విప్పితే సంసారం కనబడుతుంది. చూసీ చూడనట్టు గుడ్డ కప్పేస్తాం. నేనూ అదే చేశాను. కానీ ఆమె చూసింది.

"ఆయనకు సాగర్ ఊళ్లో ఇంకో ఇల్లుందక్కా. పెళ్లికి ముందు నుంచే. వాళ్లింట్లో అందరికీ ఎరికే."

"తెలిసీ అక్కడే ఉన్నావా?"

"బండి చప్పుడయితే లేచి కూర్చుంటా. ఎవురిదో బండి. ఆయన గాదు."

అంజమ్మ నేల మీద కూలబడింది. తీసుకుపోదామని వాళ్ల నాన్న లారీ వేసుకుని వెళ్లినా ఎక్కలేదంట. ఇష్టం లేని పిల్లయితే ఎప్పుడో పుట్టింటికి వచ్చేసేది. ఇష్టం పుట్టింది కనుకే రాలేదు. "నీ పుణ్యం ఉంటది నాయనా, పోయి ఆడికి కూడా గుచ్చిరా" అని ఎరోస్ కాళ్లు పట్టుకోబోయింది.

ఎరోస్ వెనక్కి తగ్గాడు. "పోయొచ్చానమ్మా. మీరు చెప్పకముందే సంగతి తెలిసి పోయా. అతనికి సాగర్ ఆమె మీద నిజంగానే ప్రాణం. నేను పెట్టింది గాదు, దానంతటది పుట్టింది. అట్టాంటి దాని మీద నా దబ్బనం దిగదు. ఇంట్లోవాళ్లు ఆమెను చేసుకోనియ్యలా. మీ పిల్లను తెచ్చారు."

కనీసం వాడు దుర్మార్గుడైనా బాగుండేదనిపించింది నాకు. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు. తెలిసి తెలిసి ఇంకో ఇంటి పిల్లను తెచ్చి ఆ మంచం మీద పడేసిన పెద్దల మీద ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఎరోస్ సీసపు దబ్బనం తీశాడు. "చెయ్యి ఇయ్యమ్మా. తీసేస్తా. రేపు మీ ఇంటికి పోవచ్చు."

కోటేశ్వరి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఇయ్యవే, మొండిదానా" అని తల్లి ఏడుస్తూ అరిచింది.

"వద్దు. పుట్టించింది నువ్వే అయ్యా, కాదన్లా. ఇన్నాళ్లూ మోసింది నేను. ఇప్పుడిది నాది. ఆ ఇంట్లో నాదని చెప్పుకునేది ఇదొక్కటే. ఇది కూడా తీసుకుంటే నాకేం మిగిలిద్ది?"

"అతను దానికి తగడు."

"తెలుసు. తెలిస్తే పోయేదా ఇది? నువ్వు దేవుడివిగా, నీకు తెలియదా?"

ఎరోస్ దబ్బనం గుడ్డలో చుట్టేశాడు.  ఈ పరుపునేం చేయమంటావని కోటేశ్వరిని అడిగాను. ఒంటి పరుపు చెయ్యక్కా అంది. ఒక మనిషికి సరిపడా గుడ్డ కత్తిరించాను. అణిగిపోయిన దూదిని ఎరోస్ ఏకాడు. అంత చిన్న పరుపుకు అంతసేపు ఏకడం ఎప్పుడూ చూడలేదు.

వాళ్లు వెళ్లాక అతను విల్లు గోడకు తగిలించాడు. ఎక్కడికంటే, మాచర్ల క్వారీకి పోతా, రాయి కొట్టుకుంటా, ఈ దబ్బనం రాయికి తగిలినా ఏం కాదు అన్నాడు. ఆపాలని చూశాను. దూది ఏకే మనిషి పోతున్నాడన్న స్వార్థం కూడా ఉందందులో. ఆగలేదు. దబ్బనాలు రెండూ వెంట తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు. చివరికి నేనూ కార్డింగ్ మిషన్ పెట్టాను.

ఆ దశాబ్దం చివర్లో కోటేశ్వరి ఒంటి పరుపు మళ్లీ ఏకడానికి వచ్చింది. ఆమే తెచ్చింది. మనిషి బక్కచిక్కింది గాని చీర కట్టులో తేడా లేదు. విప్పి చూస్తే ఆ ఇరుకు పరుపులో కూడా ఎడమ అంచు మాత్రమే అణిగి ఉంది. మిగతాదంతా పొంగుగా ఉంది. నాకు కోపం ఆగలేదు.

"ఒంటి పరుపు మీద కూడా అంచునే పడుకుంటున్నావేందే?"

"ఆయన వస్తే చోటు కావాల గదక్కా" అంది, చాలా మామూలుగా.

ఆ రోజు దుకాణం తొందరగా కట్టేసి ఇంటికి వెళ్లి ఏడ్చాను. ప్రేమ చెడ్డదని నేననను, ఆ టైలరు మొగుడూ పెళ్లాలను కళ్లారా చూసినదాన్ని. దాన్ని కూడా మంచంలా, బీరువాలా పిల్లతో పాటు సారెలో పంపితే ఏమవుతుందో కోటేశ్వరి బతుకు నాకు నేర్పింది. మోసేది ఆ పిల్ల ఒక్కతే. అందుకే అప్పటి నుంచి, పెళ్లిపరుపుకు ఇద్దరూ వస్తేనే కొలత తీసుకుంటానని ఖరాఖండిగా చెప్పేస్తున్నాను. వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్లు నాకు పొగరని తిట్టుకుంటూ ఎదురు షాపుకు వెళ్లారు. పెళ్లికొడుకు ఏడమ్మా అని అడిగితే, అడగకూడనిదేదో అడిగినట్టు నన్నే వింతగా చూస్తారు.