ప్రార్థన చేసిన బొగ్గు

కోడుమూరు చర్చి వసారాలో మూడు కుండలు ఒకదానిమీద ఒకటి ఉండేవి. పై కుండలో బొగ్గు, నడిమి కుండలో ఇసుక, కింది కుండలో వడగట్టిన నీళ్లు. వాటిని చూసుకునే మనిషి విశ్వాసమ్మ. బావిలోంచి ఎర్రగా వచ్చిన నీళ్లు ఆమె కుండల్లో దిగి తేటబడేవి. ఆ గొప్ప ఆమెకు బాగానే ఉండేది. ఉండనీ, ఆ ఊళ్లో ఇంకేం గొప్పలున్నాయి గనక.

కుండలు పెట్టించింది చర్చి పాస్టరు సుందరం అయ్యగారు. ఏటేటా పాత బొగ్గు పారేసి కొత్తది పోయాలని చెప్పిందీ ఆయనే. చివరిసారి తన చేత్తో బొగ్గు పోసి, మోకాళ్లూని ప్రార్థన చేసి, ఆ వారమే కన్నుమూశాడు. ఇక దాన్ని పారేయడానికి విశ్వాసమ్మకు చేతులు రాలేదు. సంఘమూ వద్దంది. ఏటా కడిగి, ఎండబెట్టి, మళ్లీ అదే పోసేది. వీళ్ల భక్తి సంగతి బొగ్గుకేం తెలుసు.

పంతొమ్మిది వందల ఇరవైనాలుగు ఎండాకాలం బావి అడుగంటింది. విశ్వాసమ్మ కోడలు వరమ్మకు నెలలు నిండుతున్నాయి.

“అత్తా, చర్చి నీళ్లు వాసనొస్తాండాయి,” అంది వరమ్మ.

“కడుపుతో ఉండావు, నీకు అన్నీ వాసనే. మే, అయ్యగారు ప్రార్థన చేసిన బొగ్గు అది.”

“కాగబెట్టుకొని అన్నా తాగుతా.”

“ఎందుకు, నమ్మకం లేకనా?”

వరమ్మ ముక్కు మూసుకుని చెంబు ఎత్తింది.

పక్క ఊళ్లో వాంతిభేది దిగిందని కబురొచ్చింది. విశ్వాసమ్మకు ఒకటే ధ్యాస. కోడలినీ, కడుపులోని బిడ్డనూ ఎలాగైనా కాపాడుకోవాలి. ఇంట్లో ఉన్న నీళ్లన్నీ పారబోసి చర్చి నీళ్లు నింపింది. పూటపూటా తానే చెంబు అందించి, దగ్గరుండి తాగించింది. ఆ ప్రేమ తలుచుకుంటే నాకిప్పటికీ భయమేస్తుంది.

ఊళ్లో మొదట వాంతిభేదితో మంచాన పడింది చర్చి కాపలాదారు దాసన్న. ఆ కుండ నీళ్లు తప్ప ముట్టని మనిషి. అది విన్న విశ్వాసమ్మ పరుగున పోయి పై కుండలో చెయ్యి పెట్టింది. బొగ్గంతా పాచి పట్టి వేళ్ల మధ్య జారిపోయింది. చెయ్యి వాసన చూసుకుంది. కోడలు చెప్పింది నిజమే.

ఇంటికొచ్చేసరికి వరమ్మ గోడకు చేరగిలబడి ఉంది. కళ్లు లోతుకు పోయాయి. వాకిలంతా వాంతి.

“అత్తా, నీళ్లు.”

ఇంట్లో ఉన్నవన్నీ ఆ నీళ్లే. విశ్వాసమ్మ చెంబెడు ముంచి, పొయ్యి మీద పెట్టింది.

“కాగనీ తల్లీ, రవ్వంత ఓర్చుకో.”

వరమ్మ ఇంకోసారి అడిగింది. విశ్వాసమ్మ చిదుగులు ఎగదోసి ఊదుతూనే ఉంది. నీళ్లు మసిలాయి, చల్లారాయి. వరమ్మ మళ్లీ అడగలేదు.