గీత దాకా నింపిన డబ్బా

మా ఆయన నారాయణగూడలో ఒక బ్యాటరీల దుకాణంలో పనిచేసేవాడు. పాత బ్యాటరీలు విప్పి, లోపలి సీసం కరిగించడం ఆయన పని. 2011లో కాళ్లు వాచాయి, మూత్రంలో నురగ కనిపించింది. కిడ్నీలు దెబ్బతింటున్నాయని, అది సీసం వల్లనేమో చూడాలని డాక్టర్ అన్నాడు. ఒక రోజు మూత్రమంతా పట్టి తెమ్మన్నాడు. సీసం ఎక్కువుంటే ఆ పని మానాల్సిందేనన్నాడు.

చిక్కడపల్లిలో ల్యాబు అమ్మాయి నా చేతికి తెల్ల డబ్బా, ఒక కాగితం ఇచ్చింది. "అంతా తెలుగులనే ఉంది ఆంటీ, చదువుకోండ్రి" అంది. వెనక జనం నిలబడి ఉన్నారు. కాగితాన్ని కళ్ల ముందు పెట్టుకొని, చదివినట్టే కాసేపు ఆగి తలూపాను. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు.

మాది కిరాయి ఇల్లు, వాకిలి అందరిదీ. డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక పెట్టి పాత చీర కప్పాను. ఆయన దాన్ని దుకాణానికి తీసుకుపోనన్నాడు. "నవ్వుతరే అందరు. కల్లు తెచ్చినవా అంటరు." పగటిదంతా అక్కడే పోయింది. మర్నాడు పొద్దున చూస్తే డబ్బా సగం కూడా లేదు. దాని మీద పైదాకా గీతలున్నాయి. పై గీత దాకా నిండాలేమో, తక్కువైతే అందరి ముందు అడుగుతారేమో అనుకున్నాను. మిగతాది నాది కలిపాను.

సీసం ఎక్కువేం లేదని వచ్చింది. ఆయన సంబరంగా పనికి పోయాడు. రెండేళ్లు పోయాడు.

తర్వాత అశోక్ నగర్‌లో మధ్యాహ్నం పూట ఆడవాళ్లకు చదువు చెప్పే చోట చేరాను. ఒకరోజు టీచరమ్మ, ఇంట్లో ఉన్న ఏ కాగితమైనా తెచ్చి చదవమంది. పెట్టె అడుగున దొరికింది పట్టుకుపోయాను. నిలబడి, కూడబలుక్కుంటూ చదివాను: "డబ్బా నిండకపోయినా ఫరవాలేదు. ఇంకొకరి మూత్రం కలపరాదు."

పక్కనున్నావిడ పకపకా నవ్వింది. "ఇందుల గూడ కల్తీ చేస్తరా అక్కా, పాలోళ్ల లెక్క!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కలిపినదానికంటే ఆ నవ్వినందుకే ఇప్పటికీ ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "చదవరాదని ఆ పిల్లకు చెప్తే ఏం పోతుండె?" అన్నాడు. మళ్లీ అన్నం కలుపుతూ, "నేను గూడ డబ్బా కొంటపోలే గద" అన్నాడు.

మళ్లీ పరీక్ష చేయించాం. ఈసారి డబ్బాను సంచిలో పెట్టుకొని దుకాణానికి పోయాడు. రక్తం కూడా తీశారు. రెండింటిలోనూ సీసం ఎక్కువే. కిడ్నీలు ఇంకా పాడయ్యాయి. డాక్టర్ పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి, "మరి అప్పుడెందుకు తక్కువొచ్చింది?" అన్నాడు.

"ల్యాబోళ్లు డబ్బాలు మార్చిన్రేమో సార్" అన్నాడు మా ఆయన, నా వైపు చూడకుండా.

ఊరుకుంటే సరిపోయేది. కానీ తప్పు ఆ ల్యాబు పిల్ల మీద పడుతుంది.

"లేదు సార్. గా కాగితం చదవరాక నేనే కలిపిన."

డాక్టర్ చీటీ మీద ఏదో రాసి నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు. తలూపబోయి ఆగాను.

"ఇది నాకు చదవరాదు సార్. ఏం రాసిన్రు?"

"ఇక ఆ పని మానాలని" అన్నాడు.