మా బావ నూట ఎనిమిది అన్నాడు

మా బావ "నూట ఎనిమిది" అన్నాడు. సూచిక తొంభై తొమ్మిది మీద ఉంది.

నా కళ్ళే నన్ను మోసం చేస్తున్నాయేమోనని వంగి మళ్ళీ చూశాను. ఇనుప చక్రం మీద అంకెలు స్పష్టంగా ఉన్నాయి. సూచికగా పెట్టిన తీగ మొన తొంభై తొమ్మిది గీత మీద కదలకుండా ఉంది. దానికి జానెడు దూరంలో మొహం పెట్టుకుని మా బావ ఇంకోసారి, "నూట ఎనిమిది, రాసుకో," అన్నాడు. పెన్ను దొర్లి ఆయన కాళ్ళ దగ్గర పడింది కాబట్టి అటు వెళ్ళాను గానీ, మా బావ మెకానిక్ షెడ్డులో చేరిన ఈ ఎనిమిదేళ్ళలో నేను ఆ చక్రం వైపు నిలబడిందే లేదు. నా చోటు ఇంజన్‌కి ఇవతల, డయల్ గేజ్ దగ్గర.

ఈ పని తెలియని వాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చూసే కడ్డీ పేరు క్యామ్‌షాఫ్ట్. రోజూ ఆఫీసుకి వెళ్ళొచ్చే బండికి ఫ్యాక్టరీలో వేసిన క్యామ్ చాలు. పందేలకు వెళ్ళేవాళ్ళకు చాలదు. వాళ్ళ బండిలో వాల్వు ఇంకాస్త లోతుకి దిగాలి, ఇంకాసేపు తెరిచి ఉండాలి. అలాంటి క్యామ్ వేశాక వాల్వుకీ, పైకొచ్చే పిస్టన్‌కీ మధ్య మిగిలేది రెండు మిల్లీమీటర్ల సందు. అందుకే ఇంజన్ చివర డిగ్రీల చక్రం బిగించి, వాల్వు ఎంత దిగిందో చూపించే గేజ్‌ని దాని మీద ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తాం. వాల్వు పూర్తిగా దిగిన చోట చక్రం మీద వచ్చే అంకె, క్యామ్‌తో పాటు వచ్చిన కార్డు మీది అంకెతో సరిపోవాలి; సరిపోకపోతే బెల్టుతో క్యామ్‌ని తిప్పే పుల్లీని కాస్త జరిపి బోల్టులు బిగిస్తాం. ఈ కార్డు మీద నూట ఎనిమిది ఉంది, ముందే మా బావకి చదివి వినిపించాను. తొమ్మిది డిగ్రీలు తేడా ఉన్నా చేత్తో తిప్పినప్పుడు ఏమీ తెలియదు. నిమిషానికి ఎనిమిది వేల చుట్ల వేగం అందుకున్నాకే వాల్వు వెళ్ళి పిస్టన్‌ని గుద్దుతుంది.

మా బావకి ఇదంతా కొట్టిన పిండి. పదో తరగతి మూడుసార్లు తప్పిన మనిషిని మా వీధిలోని పన్నెండు షెడ్లూ "డిగ్రీ మాస్టారు" అని పిలుస్తాయి. "మా ఇంట్లో డిగ్రీ ఉన్నది ఈయనొక్కడికే," అని మా అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది. ఇంజన్ మీద ఫ్యాక్టరీ వాళ్ళు కొట్టిన గుర్తుల్ని ఆయన చచ్చినా నమ్మడు. "ఎవడో మధ్యాహ్నం కునుకు తీస్తూ గీసుంటాడు" అని, పిస్టన్ ఎక్కడ పైకొచ్చి ఆగుతుందో తనే కొలిచి తన గుర్తు తను పెట్టుకుంటాడు. తిప్పుతూ తిప్పుతూ గీత కాస్త దాటిపోయిందనుకోండి, వెనక్కి రానే రాడు. మళ్ళీ రెండు పూర్తి చుట్లు తిరిగి రావాల్సిందే. "వెనక్కి తిప్పితే బెల్టు వదులై అబద్ధం చెబుతుంది మరదలు పిల్లా," అంటాడు. ఆ రెండు చుట్ల కోసం నేను ఎన్నిసార్లు చల్లారిన అన్నం తిన్నానో మా అక్కనడగండి.

అలాంటి మనిషి లేని అంకె చెబుతున్నాడు.

నేను రెంచీ అందుకుని ఇంజన్‌ని ముందుకు తిప్పాను. సూచిక నలభై దగ్గర ఆగింది. "ఇంకోసారి చూడు బావా, ఇప్పుడెంత?" అన్నాను.

ఆయన వంగి చూశాడు. "చెప్పాగా. నూట ఎనిమిదే."

బల్ల మీదున్న డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టి, "ఇదేం ఆయిల్?" అన్నాను. దాని మీద నా అరచేతంత అక్షరాలు. మా బావ ఆ అక్షరాల వంక చూడనైనా చూడలేదు. మూత తీసి వాసన చూసి, "గేర్ ఆయిల్. ఎందుకూ?" అన్నాడు.

ఆయన వాసన చూసి చెప్పడం నేను వందసార్లు చూశాను. అనుభవం అనుకుని మురిసిపోయాను కూడా.

"బావా, నీకు కనపడటం లేదు."

కోప్పడతాడనుకున్నాను. ఆయన గుడ్డ తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "అంచులు కనపడతాయి," అన్నాడు చివరికి. "నువ్వు కనపడతావు, తలుపు కనపడుతుంది. ఏది సరిగ్గా చూడబోతే అది మాత్రం మసక. మీ అక్కకి చెప్పకు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది."

"ఏడాదా! మరి ఈ అంకెలన్నీ ఎక్కడివి బావా? కార్డు మీదున్నది వల్లె వేస్తున్నావా?"

"వల్లె వేయడమేంటే! చేతికి తెలుస్తుంది. బెల్టు బిగువు తెలుస్తుంది, వాల్వు దిగడం తెలుస్తుంది. మొదట్లో నాకూ భయమేసింది. ఒక ఇంజన్‌కి క్యామ్ అలాగే పెట్టాను, సరిపోయింది. ఇంకోటి పెట్టాను, అదీ సరిపోయింది. ఏడాదిలో ఒక్కడైనా తేడా ఉందని వచ్చాడా? ఇక నా చేతికి లెక్క వచ్చేసిందనుకున్నాను."

"ఒకరొచ్చారు," అన్నాను. "ఈ ఇంజనే వచ్చింది."

అప్పుడు తట్టింది ఆయనకి. గుడ్డ పక్కన పడేసి ఇంజన్‌ని చేత్తో తడిమాడు.

మా ముందున్నది లాయరమ్మ ఇంజన్. ఆవిడ వారమంతా కోర్టులో నల్లకోటు వేసుకుని, ఆదివారం హెల్మెట్ పెట్టుకుని పందేలకు వెళుతుంది. నెల క్రితం మేము క్యామ్ వేసి పంపితే మొదటి పందెంలోనే ఇన్లెట్ వాల్వులన్నీ వంగిపోయాయి, ఒక పిస్టన్‌కి చిల్లు పడింది. ఆవిడకేం కాలేదు, అదే పదివేలు. క్యామ్ పుల్లీ బోల్టులు వదులుగా ఉండి పుల్లీ జారిందని మా బావ తేల్చాడు. ఆ బోల్టులు బిగించింది మా ఫిట్టరు.

ఆ ఫిట్టరు ఇరవై రెండేళ్ళుగా మా బావతోనే ఉన్నాడు. ఏ పనికీ తొందరపడడు కాబట్టి అందరూ ఆయన్ని "నిదానం" అంటారు. నాకు అన్న లేని లోటు తీర్చిన మనిషి. ఆ రోజు మా బావ ఆయన్ని షెడ్డు బయట, వీధి వీధంతా వింటుండగా నిలదీశాడు. "బోల్టులు బిగించింది నువ్వేనా?" అంటే "నేనే" అన్నాడు. "తప్పు నీదేనా?" అంటే ఒక్క క్షణం మా బావ మొహంలోకి చూసి, "నాదే అన్నా" అన్నాడు. "నీ చెయ్యి పడిన ఇంజన్ నా షెడ్డులో ఉండడానికి వీల్లేదు, పో," అని మా బావ అరిచాడు. నేను అడ్డుపడలేదు. పైగా లాయరమ్మకి ఫోన్ చేసి, "తప్పు చేసినవాణ్ణి తీసేశామమ్మా," అని గొప్పగా చెప్పాను. బోల్టు బిగించడం రానివాడన్న పేరు పడ్డాక మిగతా పదకొండు షెడ్లలో ఒక్కరూ ఆయన్ని రానివ్వలేదు. ఇంట్లో కూర్చుని కుట్టుమిషన్లు బాగుచేసుకుంటున్నాడని విన్నాను. విని ఊరుకున్నాను.

"పద," అన్నాడు మా బావ. షెడ్డు తలుపు వేయడం కూడా మర్చిపోయాం.

నిదానం అన్న ఉండేది వీధి చివర ఒకే గది. గుమ్మం పక్కనే విప్పేసిన కుట్టుమిషన్, లోపల మంచం మీద పడుకున్న తల్లి. మమ్మల్ని చూసి నిదానం అన్న లేవలేదు, వెళ్ళమనీ అనలేదు. రెండు స్టూళ్ళు ముందుకు నెట్టాడు. మా బావ కూర్చోలేదు.

"తప్పు నాదిరా," అన్నాడు. "నాకు అంకెలు కనపడటం లేదు. ఆ ఇంజన్ తప్పుగా పెట్టింది నేను."

నిదానం అన్న చేతిలోని సూదికి నూనె చుక్క వేసి పక్కన పెట్టాడు. మా బావ వంక కాకుండా నా వంక చూసి, "ఇవాళ సూచిక ఎంత మీదుందమ్మా?" అని అడిగాడు.

"తొంభై తొమ్మిది."

"ఆ. ఎప్పుడూ అంతే. ఎనిమిదో తొమ్మిదో ముందుకెళ్ళిపోతుంది."

ఎప్పుడూ అంటే? మా బావ గోడకి చెయ్యి ఆనించాడు. "నీకు తెలుసా?" అన్నాడు.

"మధ్యాహ్నం మీరిద్దరూ భోజనానికి వెళ్ళగానే చక్రం మళ్ళీ చూసేవాణ్ణి అన్నా. సరిచేసి, అప్పుడు బోల్టులు బిగించేవాణ్ణి. లాయరమ్మ ఇంజన్ రోజు అమ్మని ఆసుపత్రిలో చేర్చాను. అరగంట వీలు చూసుకుని వచ్చి, చూడకుండానే బిగించి పరిగెత్తాను."

ఏడాది పాటు అన్నీ ఎలా సరిపోయాయో అప్పటికి అర్థమైంది. మా బావ చేతికి ఏ లెక్కా రాలేదు. పందెం గెలిచినవాళ్ళు వచ్చి మా బావ చేతులు పట్టుకుని పొగుడుతుంటే, ఈ మనిషి వెనక నిలబడి పానాలు తుడుచుకుంటూ ఉండేవాడు. మరి నేను? మా బావకి కళ్ళు లేవు. నాకేమైంది? రెండు కళ్ళూ పెట్టుకుని అదే షెడ్డులో, రెండడుగుల దూరంలో కూర్చుని ఏం చూశాను? నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఎన్ని ఇంజన్లు?" అన్నాడు మా బావ.

"పద్నాలుగు."

"నాతో చెప్పొచ్చు కదరా!"

"ఎలా చెప్పను? నాకు ఆ చక్రం చదవడం నేర్పింది నువ్వు. నీకు చదవడం రావట్లేదని నేను చెప్పాలా?"

నేనిక ఉండబట్టలేకపోయాను. "అది సరే అన్నా, ఆ రోజు తప్పు నాదేనని ఎందుకన్నావు? వీధంతా వింటుంటే!"

"చూడకుండా బిగించింది నేనే కదమ్మా. అందులో అబద్ధమేం లేదు."

మా బావ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని నాకే తిరిగి ఇచ్చి, "లాయరమ్మకి కలుపు, నాకు కనపడదు," అన్నాడు. కలిపి ఇచ్చాను. "బోల్టులు సరిగ్గానే బిగించారమ్మా. అంకె నేను తప్పు చెప్పాను. నాకు చూపు పోయింది," అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంకా మా అక్కకి కూడా చెప్పని మాట అది. అవతల ఆవిడ, "ఇప్పుడు నా ఇంజన్ ఎవరు పెడతారు?" అంది. అది నాక్కూడా వినపడింది.

మా బావ నిదానం అన్న వైపు తిరిగాడు. "రారా," అన్నాడు. "షెడ్డుకి రా."

"ఇంజన్ ఇక్కడికి తెండి, పెట్టి ఇస్తాను. షెడ్డులోకి మాత్రం రాను అన్నా."

"తిట్టానని కోపమా?"

"తిట్లకేం, ఇరవై రెండేళ్ళుగా తింటున్నాను." ఆయన మేము వచ్చాక మొదటిసారి మా బావ కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ కళ్ళకి ఆ మొహం మసకగానైనా కనపడిందో లేదో. "ఒక్క బోల్టు వదులుగా వదిలిన మనిషిని కాదని నీకు తెలుసు. నాదే తప్పు అన్నాను. నువ్వు కాదంటావేమోనని చూశాను."

మంచం మీద తల్లి అటు తిరిగి పడుకుంది. మా బావ గోడ పట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. నాకైతే ఆ గదిలోంచి ఎలా బయటపడ్డానో కూడా గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఇంజన్‌ని తోపుడు బండి మీదికి ఎక్కించాం. ముందు నేను లాగాను, వెనక మా అక్క నెట్టింది. రాత్రి మా బావ అక్కకి అంతా చెప్పేశాడు. మా బావ బండి అంచు పట్టుకుని నడిచాడు. మొదటి షెడ్డు రాగానే ఆపమన్నాడు. పని చేసుకుంటున్నవాళ్ళని బయటికి పిలిచి, "నా ఫిట్టరు తప్పు చేయలేదు. నాకు కళ్ళు కనపడవు. ఏడాదిగా మీరు నన్ను పొగిడిన పని వాడిది," అని చెప్పాడు. వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తుండగానే, "పద," అన్నాడు నాతో. తర్వాతి షెడ్డు ముందూ ఆపాం. పదకొండింటిలో ఒక్కదాన్నీ వదల్లేదు.