అన్నకోపం, జలుబు, ఒక పొట్టి కేబులు

ఆ రోజుల్లో శబ్దాన్ని దాచిపెట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమే. ఇప్పుడు ఫోనులో వేలు పెడితే చాలు, గుహలో పాడినట్టా, గుళ్ళో పాడినట్టా, గొంతు ఎలా కావాలంటే అలా మారిపోతుంది. మాకు దానికొక పెట్టె ఉండేది. పెట్టెకొక మనిషి కావలసివచ్చేది. ఆ మనిషిని నేను. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే మా నాయన నన్ను పట్టుబట్టి కంప్యూటర్ కోర్సులో చేర్పించాడు. అక్కడ నేర్చుకున్నదంతా కలిపితే ఫైలు తెరవడం, మూయడం, మధ్యలో మరిచిపోకుండా సేవ్ నొక్కడం. (ఆ మూడో విద్యలో నాకు తరగతిలో మంచి పేరుండేది.) అది విని మా చిన్నాయన నన్ను తన పాటకచేరీ ట్రూపులోకి లాక్కున్నాడు. చదువుకున్న పిల్ల అని అందరికీ పరిచయం చేసేవాడు. ఆ పరిచయం నిలబెట్టుకోవడానికి నేను పడిన అలసట ఇప్పటికీ నా మెడ నరాల్లో ఉంది.

ఆ జపాను పెట్టెను చిన్నాయన మదురైలో ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. అల్మరాకు అరలున్నట్టు దానికి గూళ్ళుండేవి. ఒక గూట్లో ఎకో కార్డు, ఒక గూట్లో గొంతును ఒకటికి రెండు చేసే కార్డు, ఇంకొక దాంట్లో గిటారును కోపంగా గరగరలాడించే కార్డు. ఏది ఎంత కలపాలో తిప్పి తిప్పి చూసుకొని, నచ్చినదాన్ని ఒక నంబరు కింద మెమరీలో దాచుకోవచ్చు. దాన్ని ప్రీసెట్ అనాలని కంపెనీవాళ్ళ పుస్తకంలో ఉంది గానీ మేమందరం 'సౌండు' అనేవాళ్ళం. ప్రతి సౌండుకూ ఒక పేరు పెట్టాలి. ఆ చిన్న తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదికి మించి పట్టవు. పేర్లు చిన్నాయన చెప్పేవాడు, నేను ఒక్కొక్క అక్షరం మీటతో తిప్పుకుంటూ కొట్టేదాన్ని. చిన్నమ్మకు పడిశం పట్టి గొంతు పూడుకుపోయినప్పుడు ఆ గొంతును నిండుగా చేసి చూపించడానికి కష్టపడి తయారుచేసిన సౌండు పేరు 'జలుబు'. మా ట్రూపులో పాడేది చిన్నమ్మే గనక, ఆ 'జలుబు' మాకు అన్నం పెట్టిందని చెప్పినా తప్పులేదు.

చిన్నాయనకు మా నాయన కాక ఇంకొక అన్న ఉన్నాడు, నాకు పెదనాయన. ఇద్దరూ కలిసే ట్రూపు పెట్టారు. పెదనాయన ముందు పాడితే చిన్నాయన వెనక అందుకునేవాడు, చిన్నాయన ముందుంటే పెదనాయన వెనక. తర్వాత విడిపోయారు. ఆస్తి గొడవనుకుంటారేమో, కాదు. ఎకో ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. ఆ మాట పెరిగి పెరిగి, పెదనాయన సంసారాన్ని విరుదునగర్‌కు మార్చేసి అక్కడ సొంత ట్రూపు పెట్టుకున్నాడు. తమ్ముడు కొన్న పెట్టెలాంటిదే తనూ ఒకటి సంపాదించాడు గానీ అందులో సౌండు దాచడం వాళ్ళెవరికీ చేతకాలేదు. కచేరీకి కచేరీకి మొదట్నుంచి తిప్పుకోవడం, కరెంటు ఆపగానే అంతా పోవడం. మధ్యవాడైన మా నాయన మాత్రం సాత్తూరు మీదుగా బస్సుల్లో అటూ ఇటూ తిరిగి, ఒకరి మంచిచెడ్డలు ఇంకొకరికి చేరవేస్తుండేవాడు. వచ్చిన ప్రతిసారీ కాళ్ళు చాపుకొని, ఈ ఇద్దరి పెళ్ళాలూ పిల్లలూ కాదు, తాను కదా వీళ్ళ పాపం మోస్తున్నదని గొణుక్కునేవాడు.

ఒకసారి నాయన తెచ్చిన కబురు వేరుగా ఉంది. పెదనాయనకు గొంతులో ఏదో పుండు లేచి, వైద్యమైంది గానీ గొంతు మునుపటిలా లేదు. వాళ్ళ వీధి చివర అమ్మవారి ఉత్సవానికి పాడతానని ముందే మాటిచ్చాడు. కాపురముంటున్న ఊళ్ళో మొదటి కచేరీ అది. మానుకుంటే మళ్ళీ ఎవరూ పిలవరని ఆయన దిగులు. చిన్నమ్మ పడిశంతో పాడిన క్యాసెట్టు ఎవరి దగ్గరో విన్నాడట. ఆ సౌండు దొరికితే గండం గడుస్తుందని నాయనతో అన్నాడట. తమ్ముణ్ణి అడగమని మాత్రం అనలేదు.

చిన్నాయన విని, కావలసినవాడు నోరు తెరిచి అడగాలి కదా అన్నాడు. రోజంతా అదే మాట. చిన్నమ్మ చింతపండు పిసుకుతూ చాలాసేపు విని, చివరికి తల ఎత్తకుండానే అంది.

"కాపీ తాన్ తీసేది. ఉప్పా పప్పా, ఇస్తే నీ ఇంట్లో తరిగిపోయేదానికి? ఆ సౌండు నా గొంతుకు సేసింది. నేనిస్తా ఉండా."

(అరవం కలిసిన మా తెలుగులో తాన్ అంటే 'మాత్రమే' అని.) పెట్టె మాత్రం తాను లేకుండా గడప దాటదన్నాడు చిన్నాయన. ఒక పెట్టెలోని సౌండ్లు ఇంకొక పెట్టెలోకి పంపాలంటే రెండింటినీ కేబులుతో కలపాలి. మా దగ్గరున్న కేబులు మూరెడు పొడుగు. అంటే రెండు పెట్టెలూ ఒకే చోట పక్కపక్కన ఉండాలి. వాటి యజమానులూ ఉండాలి. ఇంతకంటే పొడుగు కేబులు బజారులో దొరకదా అని చిన్నాయన నన్ను రెండుసార్లు అడిగాడు. దొరకదని చెప్పాను. (నిజానికి నేను వెతకలేదు. ఎండలో మదురై పోయే ఓపిక లేక.)

కచేరీ రోజు పొద్దున్నే బస్సులో చిన్నాయన పెట్టెను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కండక్టరు పైన పెట్టమంటే, జ్వరం వచ్చిన పిల్లను పైన పెడతామా అని అడిగాడు. చిన్నమ్మ వేరుశనగ మిఠాయి పొట్లాలు పట్టుకుంది. నా ఒళ్ళో కేబులు. విరుదునగర్‌లో దిగేసరికి ముగ్గురి మొహాలూ మిరపకాయల మండీలో ఆరబోసినట్టున్నాయి.

పెదనాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిన్నాయన బెంచీ మీద, తన పెట్టె పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ మధ్య నేల మీద నేను. మాటలన్నీ నా మీదుగానే సాగాయి. ప్రయాణం బాగా జరిగిందేమో కనుక్కోమని ఒకరు, జరిగిందని చెప్పమని ఒకరు. రెండడుగుల దూరంలో ఉన్న ఇద్దరు మనుషుల మధ్య టెలిఫోను ఎక్స్ఛేంజిలా తల తిప్పుతూ నేను పెదనాయన పెట్టె విప్పి చూశాను. మూత తీయగానే నీరసం వచ్చింది. కార్డులన్నీ వేరే గూళ్ళలో ఉన్నాయి. మా సౌండ్లు పనిచేయాలంటే అవి కూడా మా పెట్టెలో ఉన్న వరసలోనే ఉండాలి. స్క్రూలు తీసి ఒక్కొక్కటే మార్చాను. కేబులు పెట్టి పంపే బటన్ నొక్కితే ఏమీ కాలేదు. రెండు కొసలూ పంపే రంధ్రాల్లోనే పెట్టినట్టు కాసేపటికి తెలిసింది. సరిచేస్తే ఈసారి పెదనాయన పెట్టె మెమరీకి తాళం పడి ఉందని తెరమీద చూపించింది. అప్పుడే పెదనాయన కాపీ అయిందా అని అడిగాడు. ఇంకా లేదు పెదనాయనా, లాకు తీయాలి అన్నాను. కాపీకి లాకెందుకు వేశారని ఆయన వంటింటి వైపు చూసి పెదమ్మను కేకేశాడు. (మాకు తాగే కాఫీ కూడా కాపీయే.)

తాళం తీశాక తెర మీద చుక్కలు కదలడం మొదలైంది. సగం దాటింది. కరెంటు పోయింది.

మధ్యాహ్నం పూట ఫ్యాను ఆగిన గదిలో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉండగా మధ్యలో చిక్కుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. చిన్నమ్మ మిఠాయి పొట్లం విప్పి బావగారికి అందించింది. దవడపళ్ళు లేని పెదనాయన ఒక ముక్క నోట్లో వేసుకుని చప్పరిస్తూ ఉండిపోయాడు. మాట్లాడక్కర్లేకుండా ఆయనకొక పని దొరికింది. నేను గోడకు జారగిలబడి కళ్ళు మూసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. కావలసింది ఒక్క సౌండే అయినా ఈ పెట్టెలు ఒక్కదాన్ని విడిగా పంపవు, మొత్తం పంపుతాయి. సౌండ్లతో పాటు పేర్లు కూడా పోతాయి. ఆ పేర్లలో చిన్నాయన చెప్పగా నా చేత్తో కొట్టినవి ఏమేమి ఉన్నాయో తలచుకోగానే నిద్ర ఎగిరిపోయింది. కరెంటు ఇక రాకపోతే బాగుండుననుకున్నాను. వెంటనే వచ్చింది.

మళ్ళీ పంపాను. చుక్కలు చివరిదాకా నడిచాయి. పెదనాయన కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, తన పెట్టె తెరను తానే తిప్పి చూడసాగాడు. ఆయనకు ఇంగ్లీషు కూడబలుక్కుంటే వచ్చు. 'జలుబు' దగ్గర సంతోషపడ్డాడు. తర్వాతిది 'అన్నకోపం'. చివరి అచ్చు ఒకటి చోటు లేక ఎగిరిపోయినా ఆయన దాన్ని సులువుగానే నింపుకున్నాడు. గిటారును గరగరలాడించే సౌండది. ఎవరి కోపమిది అని ఆయన అడిగితే, అదొక రకం ఎఫెక్టు పెదనాయనా, కంపెనీవాళ్ళే పెట్టారు అన్నాను. జపానువాళ్ళకు తెలుగెప్పుడు వచ్చిందని ఆయన అడగలేదు. ఇంకొకటి తిప్పాడు. 'అన్నపోయె' అని వచ్చింది.

ఆయన కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈసారి నన్ను చూడలేదు.

"నేను సచ్చినట్టు పెట్టుకుండావా?"

చిన్నాయన బెంచీ మీద సర్దుకున్నాడు. అంత కాలానికి అన్నతో నేరుగా మాట్లాడాడు.

"లేదు న్నా. నువ్వు ఈ ఊరికి ఒచ్చేసినాక నాకు ఎనక పాడేదానికి గొంతు లేకపోయె. దానికోసరం పెట్టింది."

పెదనాయన వినిపించమన్నాడు. నేను మైకు కలిపాను. చిన్నాయన గొంతు సవరించుకుని ఒక అమ్మవారి పాట పల్లవి ఎత్తుకున్నాడు. ఆ గొంతు వెనక కొంచెం మందంగా, కొంచెం ఆలస్యంగా ఇంకొక గొంతు అందుకుంది. పెట్టెలోంచి వస్తున్నదని తెలిసినా నేను తలుపు వైపు చూశాను. చిన్నమ్మ పమిట కొంగు సర్దుకుంది. పాట ఆగాక పెదనాయన అన్నాడు:

"నేనింత మోసంగానా పాడేది?"

(మా వైపు మోసమంటే దగా కాదు, బాగాలేదని.)

"నువ్వు దీనికన్నా మోసం. ఇది మిసను, సుతి తప్పదు," అన్నాడు చిన్నాయన.

పెదమ్మ కాపీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. ఇంతకు మించి రాజీ ఏమీ జరగలేదు.

సాయంత్రం కచేరీలో నేను వేదిక పక్కన పెదనాయన పెట్టె దగ్గర కూర్చున్నాను. చిన్నాయన కూడా ఉన్నాడు. పాట వినడానికి కాదట, ఊరుగాని ఊళ్ళో తన పెట్టెను వదిలి పోలేకట. పెదనాయన పాట మొదలుపెట్టగానే 'జలుబు' లోడ్ చేశాను. నాకు తెలియని సంగతేమిటంటే, లౌడ్ స్పీకర్లు తెచ్చినాయన ఉత్సవం కదా అని తన దగ్గరున్న ఎకో కూడా నిండుగా తెరిచిపెట్టాడు. పెదనాయన 'అమ్మా' అంటే వీధంతా అమ్మా అమ్మా అమ్మా అని పోతూనే ఉంది. మర్యాదస్తుడు గనక ఆయన అది ముగిసేదాకా ఆగి తర్వాతి మాట అన్నాడు. తబలా అతను కూడా ఆగాడు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ పాట అయిపోయిందనుకుని లేచి దండం పెట్టింది. కంగారులో సౌండు మార్చబోయి ఒక నంబరు పక్కకు నొక్కాను. అదే 'అన్నకోపం'. అమ్మవారిని వేడుకుంటున్న గొంతు ఉన్నట్టుండి రాక్షసుడిదైపోయింది. పిల్లలకు చాలా నచ్చింది.

చిన్నాయన వంగి పెట్టె ప్లగ్గు లాగేశాడు. లౌడ్ స్పీకర్ల ఆయన దగ్గరికి పోయి అక్కడి ఎకో కూడా తిప్పేశాడు. ఇప్పుడు మైకులో పెదనాయన గొంతు ఉన్నదున్నట్టు వచ్చింది. ఎండిపోయి, అంచులు అరిగిపోయిన గొంతు. చరణంలో పైకి పోవలసిన చోట విరిగింది. ఆయన మైకు దించుకున్నాడు. నవ్వుతున్న పిల్లలు కూడా ఆగిపోయారు. అప్పుడు చిన్నాయన వేదిక ఎక్కి, పక్కనున్న ఇంకో మైకు తీసుకుని, ఆ విరిగిన చోటినుంచి చరణం అందుకున్నాడు. పెదనాయన దించిన మైకు మళ్ళీ ఎత్తాడు. తర్వాత తమ్ముడి వెనక, కింది స్థాయిలో, తనకు అందినంతలో గొంతు కలిపాడు. ఆ కచేరీ అంతా అలాగే నడిచింది. ముందుండవలసిన మనిషి వెనక ఉన్నాడని ఆ వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నవాడు ఆయన ఒక్కడే అయ్యుంటాడు. నాకేమో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం తప్ప పని లేకపోయింది. ఆ రోజు మొత్తంలో నాకు విశ్రాంతి దొరికింది అప్పుడే.

వాళ్ళు మళ్ళీ ఒకే ట్రూపు పెట్టారని చెబితే మీకు బాగుంటుంది. పెట్టలేదు. బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చిన పెదనాయన, రెండో పాటలో కొంచెం ఎకో ఉంటే బాగుండేదన్నాడు. వద్దని తీసేయడమే మంచిదైందన్నాడు చిన్నాయన. బస్సు కదిలేదాకా కిటికీలోంచి అదే వాదన. కానీ ఇద్దరూ ఒకరితో ఒకరే వాదించుకున్నారు, నా మీదుగా కాదు. అప్పటినుంచి ప్రతి ఉత్సవానికీ చిన్నాయన విరుదునగర్ పోయేవాడు. పెట్టె లేకుండానే.

చాలా ఏళ్ళకు, నాకు ఉద్యోగమూ నడుము నొప్పీ స్థిరపడ్డాక, పెట్టెలో సౌండ్లన్నీ పోయాయని చిన్నాయన కబురు పెట్టాడు. లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుందట, మెమరీని అదే కాపాడుతుందట, అది అయిపోయిందట. అంత సేవ్ చేసిన నాకు అదొకటుంటుందని తెలియదు. కొత్తగా మొదటినుంచి చేద్దామని ఆదివారం పూట పోయాను. తెర మీది అక్షరాలు కనబడక కళ్ళద్దాలు మార్చుకున్నాను. చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని ఒక మీట తిప్పి, ఇంకొకటి తిప్పి, ఎంత కలిపేదాన్నో గుర్తు చేసుకుంటూ అలాగే ఒరిగి నిద్రపోయాను.

లేచేసరికి తల కింద దిండు ఉంది, హెడ్‌ఫోను ఎవరో తీసి పక్కన పెట్టారు, నా బస్సు వెళ్ళిపోయింది. చిన్నాయన భోంచేసి మంచం మీద గోడ వైపు తిరిగి గురక పెడుతున్నాడు. చిన్నమ్మ నా కంచంలో అన్నం వడ్డిస్తూ, చెవి దగ్గర అంత మోత పెట్టుకుని అట్ల ఎట్ల నిద్రపోయినావు పాపా అని అడిగింది. మోత ఏమీ రాలేదు చిన్నమ్మా, ప్లగ్గు పెట్టడం మరిచిపోయినట్టున్నాను అన్నాను. ఇద్దరం ఆయన లేవకుండా మెల్లగా నవ్వుకున్నాం. పులుసు బాగుంది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.