యోబు భుజం

సాయమ్మ ఏదీ అడిగే మనిషి కాదు. శాంతి నగర్‌లోని మా మరమగ్గాల కార్ఖానాలో ముప్పై ఏళ్లు నూలు కండెలు చుట్టింది. ఒక్క పండక్కి చీర అడిగింది లేదు. ఇస్తే తీసుకునేది, ఇవ్వకపోతే మొహం మాడ్చుకునేది కాదు. అలాంటివాళ్లతోనే బాధ. వాళ్లు అడగరు, మనమేమో మంచివాళ్లమని అనుకుంటూ బతికేస్తాం.

ఆమె మొగుడు యోబు. అతనూ మా ఆయన గాలయ్యా సిరిసిల్ల వైపు నుంచి ఒకే బండిలో బొంబాయి పక్కన భివండికి వచ్చారు. మా ఆయన ఎనిమిది సాంచెలకు, అంటే మరమగ్గాలకు, సేటు అయ్యాడు. వాటిలో నాలుగింటిని యోబు నడిపాడు. మా ఆయనది తెలివి అంటారు మావాళ్లు. యోబు మాత్రం తెలివితక్కువవాడా? అంత మోతలోనూ ఏ సాంచె శబ్దం మారినా చూడకుండానే చెప్పేవాడు. తొంభై ఏడులో దూది ధూళి ఊపిరితిత్తుల్లో నిండి చనిపోయాడు. రెండేళ్లకు మా ఆయన షుగరుతో పోయాడు.

రెండు వేల నాలుగులో, దీపావళి ఇంకా పదిరోజులు ఉందనగా, ఒక పొద్దున సాయమ్మ మా ఇంటికి వచ్చింది. అప్పటికి కండెలు మానేసి సిస్టర్ల బడిలో ఊడ్చే పనికి పోతోంది. గడప బయటే కూర్చుంది. లోపలికి రమ్మని నేనూ అనలేదు.

"గంగక్కా, మా బళ్లెకు ఒక సిస్టరమ్మ వచ్చింది. మెక్సికో దేశమట. ఇయ్యాల సచ్చిపోయినోళ్లకు బల్ల పెడ్తాంది. పూలు, రొట్టె, నీళ్లు, వాళ్లకు ఇష్టమైన తిండి. వాళ్లు వచ్చి చూసుకొని పోతరట."

"మీ పాస్టరుకు తెలిస్తే సంఘంలకెళ్లి గెంటేస్తడే."

"గెంటనీ. ఏడేండ్లాయె. పెద్దలకు పెట్టే పెత్రమాసకు మా మరిది హనుమాండ్లు ఆయన పేర బియ్యం ఇయ్యడు, మతం మారిండని. పాస్టరు కంచం పెట్టనియ్యడు, సైతాను పని అని. ఇటు లేకపాయె, అటు లేకపాయె. ఆయన యాడికి రావాలె అక్కా?"

"అయితే పెట్టుకో. నన్నేం అడుగుతవు?"

"ఫోటో కావాలె."

ఆమె చూపు నా వెనక గోడ మీద ఉంది. నాకు అర్థమైంది.

యోబుది లోకంలో ఒక్కటే ఫోటో ఉండేది. తొంభై మూడు దసరాకు సాంచెల పూజ చేసినప్పుడు తీసింది. మా ఆయన బొట్టు పెట్టుకుని, యోబు భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మా ఆయన పోయాక దాన్నే పెద్దది చేయించాలనుకున్నాను. ధామన్‌కర్ నాకా దగ్గరి ఫోటోవాడు అంతకుముందు ఓదెలు ఇంటివాళ్లకు తండ్రి బదులు పక్కింటాయనను పెద్దది చేసి ఇచ్చాడు. వాళ్లు దండ వేశాక గానీ చూసుకోలేదు. నా దగ్గర అలాంటి తప్పు జరగకూడదని, దారాలు కత్తిరించే కత్తెరతో మా ఆయనను నేనే కోసి ఇచ్చాను. మిగతా ముక్క కార్ఖానా చెత్తలో పోయింది. యోబు ఇంకా తలుపు దగ్గర నిలబడి ఉన్నట్లే అనిపించే రోజులవి, అయినా అతనికున్న ఫోటో ఇదొక్కటేనన్న తలపు నాకు రాలేదు. అందుకే మా గోడ మీద మా ఆయన చెయ్యి ఎవరిదో భుజం మీద ఉంటుంది, ఆ భుజానికి మనిషి ఉండడు.

"అండ్ల మా ఆయన భుజం ఉన్నది. ఒక్క పూట ఇయ్యి."

"మొఖం లేని భుజంతోని ఏం జేస్తవే?"

"ఆయన మొఖం నాకు మాయమైతాంది అక్కా. మీసం యాదికొస్తది, కండ్లు రావు. భుజమన్న చూస్త."

లోపలి నుంచి మా కొడుకు అమిత్ అరిచాడు. "నాయిన ఫోటో వాళ్ల బల్ల మీదనా? లోగ్ క్యా బోలేంగే, అమ్మా? నహీ జాయేగా, పోనియ్యను."

నా మొగుడు ఎక్కడికి పోవాలో చెప్పడానికి వాడెవడు? ఫోటో దించి చంకలో పెట్టుకుని సాయమ్మతో ఆటో ఎక్కాను. దయతో కాదు. కొడుకు వద్దన్నాడని.

బడి హాల్లో మెట్లు మెట్లుగా బల్ల కట్టారు. గుమ్మం నుంచి బల్ల దాకా బంతి రెక్కలతో దారి పరిచారు. మనం బతుకమ్మకు పేర్చే పువ్వే, వాళ్లు చచ్చినవాళ్లకు దారి చేశారు. పంచదార పుర్రెలు పళ్లికిలించి నవ్వుతున్నాయి. మన పెత్రమాసకు కాకి వస్తే చాలు, వీళ్లకు మనిషే రావాలట.

సాయమ్మ ఫోటోను నిలబెట్టి, ముందు జొన్నరొట్టె, ఎండురొయ్యల కూర, ఒక బీడీ పెట్టింది. ఒక టీచరమ్మ వచ్చి మా ఆయనకు దండం పెట్టింది.

"ఏ ఆప్‌కే పతీ హై?" మీ ఆయనేనా అని సాయమ్మను అడిగింది.

"నహీ. సేట్ హై," అంది సాయమ్మ.

ఇంకొకామె వచ్చి మా ఆయన ముందు కొవ్వొత్తి వెలిగించింది. భుజాన్ని ఎవరూ చూడలేదు. సాయమ్మ ఒక బంతిదండ తీసి మా ఆయన మొహం పూర్తిగా కనబడకుండా వేసింది. చెయ్యీ భుజమూ మిగిలాయి.

"ఏందే అది? మా ఆయన మొఖం మూస్తవా?"

"ఒక్క పూట అక్కా. సేటును నువ్వు రోజూ చూస్తవు గద."

"తియ్యి ముందుగాల."

"నువ్వు మా ఆయనను కోసినప్పుడు నేనేమన్న అన్ననా?"

ముప్పై ఏళ్లలో ఆమె నాకు ఎదురు చెప్పిన మొదటి మాట అది. నా చెయ్యి ఆగలేదు. దండ లాగేశాను. సాయమ్మ గొడవ పడలేదు. ఫోటో తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

"తీస్కపో అక్కా. ఈడ గూడ ఆయనే సేటైతాండు."

సిస్టరమ్మ చూసి దగ్గరికి వచ్చింది. "ఫోటో నహీ? తో నామ్ లిఖో," అని పేరు రాయడానికి కాగితమూ పెన్నూ ఇచ్చింది.

"అక్షరాలల్ల మనిషి నాకు కనబడ్తడా?" అంది సాయమ్మ తెలుగులోనే. తర్వాత ఆ కాగితం నా ముందుకు తోసింది. "నువ్వు రాయి. కోసింది నువ్వే గద."

నేను మూడో తరగతి దాకా చదివాను. యోబు అని రెండక్షరాలు. రాసి ఇచ్చాను. ఆమె దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఆయన పేరే రాసినవా?"

"ఆయన పేరే."

పక్కనున్న టీచరమ్మకు చూపించింది. ఆమె తెలుగు రాదని తల అడ్డంగా ఊపింది. ఆ హాల్లో తెలుగు చదవగలిగింది నేనొక్కదాన్నే. సాయమ్మ కాగితాన్ని కంచం ముందు నిలబెట్టింది. నన్ను నమ్మడం తప్ప ఆమెకు వేరే దారి లేకపోయింది.