స్కేలు కదలని వార్త

ఆఫీసులో అందరూ అతన్ని భూతద్దం అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు, అతనూ పలికేవాడు. దినపత్రికలో ప్రూఫులు దిద్దడం అతని పని. మందు సీసా మీద చీటీ కనిపించినా, లిఫ్టులో నోటీసు కనిపించినా చివరి అక్షరం దాకా చదివితే గానీ అతనికి కాలు ముందుకు పడేది కాదు. ఒకసారి బట్టల దుకాణం బోర్డు మీద తప్పుందని లోపలికెళ్ళి చెప్పి, నాలుగు తిట్లు తిని, మర్నాడు దిద్దారో లేదో చూడ్డానికి మళ్ళీ అదే వీధిలోంచి వెళ్ళిన మనిషి.

ఒకప్పుడు ఆ గదిలో బల్లల నిండా ప్రూఫ్‌రీడర్లు ఉండేవాళ్ళు. తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఒక్కొక్కరే ఖాళీ చేశారు. సైన్సు పేజీలో మాత్రం వారం వారం కొత్త మాటలు పుట్టుకొస్తాయి. వాటి దగ్గర సాఫ్ట్‌వేర్ తడబడి మంచి మాటని చెడగొడుతోందని ఆ పేజీని అతనికే వదిలేశారు. చంద్రుడి మీద దిగిన యంత్రాలు, మనిషిలా బదులు చెప్పే కంప్యూటర్లు, రుమాలులా మడత పడే ఫోన్లు, అన్నీ లోకం కంటే ఒక పూట ముందే అతని స్కేలు కిందికి వచ్చేవి.

అది అడుగు పొడవు ఉక్కు స్కేలు. ఉద్యోగంలో చేరినప్పటిది. అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. చదివే వరుస కింద దాన్ని ఆనించాలి, వరుస అయ్యాక కిందికి జరపాలి. కన్ను ముందుకు పరిగెత్తకుండా అదొక కళ్ళెం. స్కేలు లేకుండా చదివితే కళ్ళు లేకుండా నడిచినట్టే ఉంటుందనేవాడు.

భార్య ఇంట్లోనే బట్టలు కుట్టేది. కొన్నేళ్ళ కిందట ఆమె గుండె కొట్టుకోవడంలో వెనకబడుతోందని ఎడమ భుజం కింద, చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. ఆ సాయంత్రం భయంతో ఆమెకి కన్ను మూతపడలేదు. ఏదో ఒకటి మాట్లాడమని అడిగింది. కబుర్లు చెప్పడం అతనికి చేతకాదు. సంచీలో సైన్సు పేజీ ప్రూఫు ఉంటే తీసి, మంచం అంచున పరిచి, స్కేలు ఆనించి చదవడం మొదలుపెట్టాడు. ఆమెకి అందులో సగం అర్థం కాలేదు. స్కేలు ఒక్కో వరుసా మెట్లు దిగినట్టు దిగుతుంటే చూస్తూ చూస్తూ నిద్రలోకి జారిపోయింది.

అప్పట్నుంచీ వారానికో సాయంత్రం ఇంట్లో అదే తంతు. పేజీ అచ్చుకి వెళ్ళాక మిగిలిన ప్రూఫుని మడిచి తెచ్చేవాడు. ఆమె గుండీలు కుడుతూ వినేది. గిన్నెలు కడిగే రోబో వార్త చదివితే, అది ముందు మీ ఆఫీసుకే వచ్చి మీ కుర్చీలో కూర్చుంటుంది, మీరు ఇంట్లో గిన్నెలు కడుగుదురు గాని అనేది. ఒక్కోసారి ఆమె తమ్ముడూ వచ్చి కూర్చునేవాడు. అతనికి పక్కవీధిలో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది.

“బావా, మా అక్కని ఒక పూట నా షాపుకి పంపు. ఛార్జింగ్ పెట్టి పంపిస్తా,” అనేవాడు.

“నీ దగ్గరికొచ్చిన ఫోన్లెన్ని బతికాయిరా, నన్ను కూడా పంపడానికి?” అనేది అక్క.

ముగ్గురూ నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు మధ్యాహ్నం పేజీ అతని బల్ల మీదకి వచ్చింది. పైన అంతరిక్షం, మధ్యలో కృత్రిమ మేధ, కింద మూల ఒక చిన్న వార్త. ఫలానా రకం పేస్‌మేకర్లలో బ్యాటరీ నిండుగా ఉన్నట్టే చూపించి, ఏ హెచ్చరికా లేకుండా పడిపోతోందని, బయటి నుంచే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి సరిచేసే వీలుందని, అవి పెట్టించుకున్నవాళ్ళు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలని. స్కేలు చివరి వరుస కిందికి జరిపాడు. అక్కడ మోడల్ నంబరు ఉంది.

ఆ నంబరు అతనికి నోటికొచ్చు. భార్యకి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ, సంచీ వార్డులో వదిలొచ్చిన అతనికి, ఆస్పత్రివాళ్ళిచ్చిన పేస్‌మేకర్ కార్డు తప్ప చదవడానికి చేతిలో ఇంకేమీ లేదు. ఆ కార్డునే చదివాడు, మళ్ళీ చదివాడు.

అతని జీవితమంతా తప్పుల మీద పగబట్టినట్టే గడిచింది. ఆ క్షణాన మాత్రం అందులో ఒక తప్పుంటే చాలనుకున్నాడు. ఒక్క అంకె తారుమారై ఉంటే చాలు. నంబరు చుట్టూ సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, తనే లేచి తీసుకెళ్ళాడు.

సైన్సు పేజీ చూసే సబ్ ఎడిటర్ వయసులో చిన్నది. ఆఫీసులో ఆమెని సైన్సమ్మ అనేవాళ్ళు. అతను సున్నా చుట్టాడంటే ఎక్కడో కొంప మునిగిందనే ఆమె లెక్క. వార్తాసంస్థ పంపిన కాపీ తీసింది, కంపెనీ ప్రకటన తీసింది, రెండూ చూసింది.

“కరెక్టే సార్.”

“ఆ చివరి అంకె ఇంకొక్కసారి చూడమ్మా.”

చూసింది. కరెక్టే. అతను కదల్లేదు. పోయినవారం చోటు చాలక ఆగిపోయిన గుడ్డిచేపల వార్త ఉంది కదా, ఇది తీసేసి అది వేస్తే కొలత కూడా సరిపోతుందేమో అన్నాడు. తన గొంతు తనకే వేరేవాళ్ళదిలా వినిపించింది.

ఆమె తలెత్తి చూసింది. “దీన్ని గుండెల్లో పెట్టుకుని తిరిగేవాళ్ళకి తెలియొద్దా సార్?”

అతను ప్రూఫు మీద సంతకం పెట్టి ఇచ్చేశాడు.

మెట్ల దగ్గర నిలబడి ఆస్పత్రికి ఫోన్ చేశాడు. పేషెంటుని తీసుకుని పొద్దున్నే రమ్మన్నారు. భార్యకి చెప్పకూడదనుకున్నాడు. భయపడితే గుండె దడ పెరుగుతుంది, దడ పెరిగితే లోపల ఏమవుతుందో. కళ్ళజోడు మార్పించుకోవాలని చెప్పి, తోడు రమ్మని తీసుకెళ్దాం. అక్కడికి చేరాక డాక్టరే చెప్తాడు. బస్సెక్కాడు. పక్కసీటు మనిషి ఫోనులో బ్యాటరీ గుర్తు ఎర్రబడి కనిపిస్తే మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఈ బస్సులో ఎవరికి ఏం తెలుసు? నవ్వుతున్నవాడి చొక్కా కింద ఏముందో ఎవరికి తెలుసు?

ఇంటి మెట్లెక్కుతుంటే పైనుంచి కుట్టుమిషను చప్పుడు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. రెండో మలుపు దగ్గరకొచ్చేసరికి చప్పుడు ఆగిపోయింది. అతనూ ఆగాడు. మళ్ళీ మొదలవలేదు. ఎలా ఎక్కాడో తెలియదు, తలుపు తోసుకుని లోపల పడ్డాడు. ఆమె దీపం వెలుతురులో సూది పైకెత్తి పట్టుకుని దారం ఎక్కిస్తోంది.

“ఏంటండీ, కుక్క తరిమిందా?” అంది.

కళ్ళజోడు సంగతి చెప్పాడు. సరేనంది. భోజనాలయ్యాక ఎప్పట్లాగే బల్ల తుడిచి, గుండీల డబ్బా దగ్గర పెట్టుకుని, “కానివ్వండి,” అంది. పేజీ తేలేదని అబద్ధమాడొచ్చు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తేకుండా రాలేదు. ఆమెకి అనుమానం వస్తుంది. ప్రూఫు పరిచాడు, స్కేలు ఆనించాడు. అంతరిక్షం చదివాడు. కృత్రిమ మేధ చదివాడు. కింది మూలకి వచ్చాక గుడ్డిచేపలు అందుకున్నాడు. సముద్రం అడుగున వెలుతురు సోకని చోట కళ్ళు లేని చేపలు, నీటి కదలికను బట్టి దారి పట్టే చేపలు. పోయినవారం దిద్దిన వార్తే, మాటలన్నీ గుర్తున్నాయి. ఎక్కడా తడబడలేదు.

ఆమె దారం కొరికి తలెత్తింది.

“ఆ చేపలు ఎక్కడున్నాయండీ?”

“చెప్పాను కదా, సముద్రం అడుగున.”

“కాగితంలో ఎక్కడున్నాయని?”

అతను కళ్ళజోడు సర్దుకున్నాడు.

“ఇందాకట్నుంచీ స్కేలు ఒక్కచోటే ఉంది.”

ఆమె ఎప్పుడూ అతని మొహం చూసి వినేది కాదు, స్కేలుని చూస్తూ వినేది. అది అతనికి తెలుసు. తెలిసీ మరిచిపోయాడు. ఆమె చేతిలోని చొక్కా పక్కన పెట్టి, కింది మూల మీద వేలు పెట్టింది. “ఈ ముక్క చదవండి,” అంది.

చదివాడు. స్కేలు వరుస వరుసా దిగింది. చివర నంబరు కూడా చదివాడు.

“నాదేనా?”

“నీదే.”

ఆమె కుడిచెయ్యి తనకు తెలియకుండానే ఎడమ భుజం కిందికి పోయింది. పెదవులు పాలిపోయాయి. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

“లోపల పెట్టుకు తిరిగేదాన్ని నేను. భయపడేది మీరొక్కరేనా? చేపలు చెప్తారా నాకు?”

ఆ మాటకి అతను తలొంచుకున్నాడు. ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

పొద్దున్నే తమ్ముడు పేపరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఛార్జింగ్ మాట ఎత్తలేదు. దుకాణం తెరవకుండా వాళ్ళతోపాటే వచ్చాడు. ఆస్పత్రి వరండాలో బెంచీల మీద ఇంకా కొంతమంది ఉన్నారు. ఒక ముసలాయన ఒళ్ళో, ఒక పిల్లతల్లి చేతిలో, గోడకి ఆనుకున్న లావుపాటి మనిషి చంకలో, అందరి దగ్గరా అదే పేజీ. తను దిద్దిన పేజీ. చేపల వార్త వేసి ఉంటే వీళ్ళంతా ఈ వేళప్పుడు ఏం చేస్తుండేవాళ్ళో అనుకున్నాడు. అక్కడే గోడ పట్టుకుని నిలబడ్డాడు.

లోపలికి ఒక్కరినే తోడు రానిచ్చారు. ఆమెని పడుకోబెట్టి, అరచేతంత పరికరం ఒకటి భుజం కింద ఆనించారు. తెర మీద బ్యాటరీ నిండుగా చూపించింది. అలా చూపించడమే దీని రోగం అన్నాడు టెక్నీషియన్. సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నంతసేపూ పేస్‌మేకర్ మామూలు పని ఆపి, ఒకే తీరున కొట్టిస్తుందట. కాస్త తేడాగా అనిపిస్తుంది, కదలొద్దు, గాభరా పడొద్దన్నాడు. గాభరా పడొద్దని చెప్పగానే ఇద్దరికీ గాభరా పట్టుకుంది.

ఆమె తల తిప్పి అతని వైపు చూసింది. “తెచ్చారా?”

తెచ్చాడు. మంచం అంచున పేజీ పరిచి స్కేలు ఆనించాడు. తెర మీద పచ్చటి గీత ఎడమ నుంచి కుడికి పాకడం మొదలైంది. అతను అంతరిక్షం నుంచి చదువుతున్నాడు. ఆమె ఊపిరి పైపైనే ఆడుతోంది, కళ్ళు మాత్రం స్కేలు మీదే ఉన్నాయి. సగం దాటాక పచ్చగీత ఆగిపోయింది. టెక్నీషియన్ తెర మీదికి వంగాడు. స్కేలు కూడా ఉన్నచోటే ఆగిపోయింది.

“స్కేలు ఆపకండి,” అంది ఆమె, పెదవులు కదిలీ కదలనట్టు.

జరిపాడు. ఏం చదివాడో గుర్తులేదు గానీ వరుస తప్పలేదు. పచ్చగీత ఎప్పుడు కదిలిందో చూడలేదు. టెక్నీషియన్ వెనక్కి వాలి, అయిపోయిందమ్మా అన్నప్పుడు అతని స్కేలు కింది మూల వార్త మొదటి వరుస కింద ఉంది.

అయిపోయిందంటే భయం అయిపోయిందని కాదు. బ్యాటరీని నమ్మడానికి లేదు, వరసగా వచ్చి చూపించుకుంటూ ఉండాలన్నాడు డాక్టరు. బయటికొచ్చాక తమ్ముడు అక్క సంచీ అందుకుని ముందు నడిచాడు. ఆ తర్వాత కూడా కుట్టుమిషను ఆగినప్పుడల్లా అతను చేస్తున్న పని ఆపి చెవులు రిక్కించేవాడు. అది గమనించి ఆమె దారం మార్చే ముందు “దారం,” అని పైకి అనడం అలవాటు చేసుకుంది. ఏ గదిలో ఉన్నా అతనికి వినిపించేలా.

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ సాయంత్రపు చదువు ఆగలేదు. మంచి వార్తయినా, వెన్నులో చలి పుట్టించే వార్తయినా, స్కేలు కింద ఉన్నదే చదివాడు. చేపల వార్త ఆ మరుసటి వారం అచ్చయింది. దాన్ని కూడా చదివి వినిపించాడు. ఆమె ఒక్కో వరుసా స్కేలుని వెంబడించి చూసి, చివర్న, “ఇప్పుడు ఉన్నాయి,” అంది.